కొలంబియా నదిలో స్టర్జన్ చేపల వేట: పడవ లేకుండా ఒడ్డు నుంచి మొదలుపెట్టేవారికి

మీరు అడిగినవి నాలుగు. ఒరెగాన్‌లో పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బరోలో ఉంటున్నారు, పడవ లేదు కాబట్టి కొలంబియా నదిలో గానీ దాని ఉపనది విల్లామెట్‌లో గానీ ఒడ్డున నిలబడి స్టర్జన్‌కి గాలం వేయొచ్చా? ట్రౌట్ కోసం కొన్న రాడ్ సరిపోతుందా? ఎర ఏమిటి? దొరికితే ఇంటికి తెచ్చి పులుసు పెట్టుకోవచ్చా? పదేళ్ళ బాబుని కూడా తీసుకెళ్తానన్నారు. చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. దాని జవాబు తెలిస్తే రాడ్ దగ్గర్నుంచి అన్నీ వేరే లెక్కలో కొంటారు.

పులుసు ఆశ ముందే వదిలేసుకోండి. బొనవిల్ డ్యామ్‌కి దిగువన కొలంబియాలో, విల్లామెట్‌లో ఏడాదిలో దాదాపు అన్ని రోజులూ స్టర్జన్‌ని పట్టి వదిలేయడమే. ఉంచుకోనిచ్చే రోజులంటూ ఉంటే ఒరెగాన్, వాషింగ్టన్ రెండు రాష్ట్రాల వాళ్ళూ కూర్చుని ప్రకటిస్తారు. అవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని, అవీ ఎక్కువగా ఆస్టోరియా వైపు, నది సముద్రంలో కలిసే చోట. 2014 నుంచి 2016 దాకా దిగువ కొలంబియాలో ఒక్కటి కూడా ఉంచుకోనివ్వలేదు. 2017లో కొద్దిగా తెరిచినప్పుడు పెట్టిన కొలత 44 నుంచి 50 అంగుళాలు. ఆ కొలత కూడా ముక్కు కొస నుంచి తోక చీలిన చోటు దాకా, తోక చివరి దాకా కాదు. అంతకన్నా చిన్నదైనా పెద్దదైనా తిరిగి నీళ్ళలోకే. 54 అంగుళాలు దాటినదాన్ని నీళ్ళలోంచి పూర్తిగా తీయడం మాట అటుంచి, సగం పైకి లేపినా తప్పే. పెద్ద చేపని నలుగురు ఒళ్ళో పడుకోబెట్టుకుని దిగిన పాత ఫోటోలు చూసి మీరూ అలా దిగాలనుకోకండి. ఇక గ్రీన్ స్టర్జన్ అని ఇంకో రకం ఉంది, ఒళ్ళు ఆకుపచ్చ ఛాయలో ఉంటుంది. దాన్ని ఎప్పుడూ ఉంచుకోకూడదు. అందులో దక్షిణాది సంతతి 2006 నుంచి ముప్పున్న జీవుల జాబితాలో ఉంది.

నిబంధనలు పక్కన పెట్టినా, విల్లామెట్‌లోని పోర్ట్‌లాండ్ హార్బర్ అడుగు బురదలో విషపదార్థాలు ఉన్నాయని ఆ భాగాన్ని 2000లో సూపర్‌ఫండ్ జాబితాకి, అంటే ప్రభుత్వం శుభ్రం చేయించాల్సిన కలుషిత స్థలాల జాబితాకి, ఎక్కించారు. అడుగున మేస్తూ దశాబ్దాలు బతికే చేప ఒంట్లో ఏమేం పేరుకుంటాయో మీరే ఊహించుకోండి. పులుసే కావాలనుకుంటే మే చివరి నుంచి జూన్ అంతా బొనవిల్ కింద షాడ్ పట్టుకోండి. 1871లో తూర్పు తీరం నుంచి శాక్రమెంటో నదికి తెచ్చి వదిలిన చేప అది, అక్కడి నుంచి కొలంబియాకి పాకింది. 2019లో బొనవిల్ డ్యామ్ దగ్గర చేపలు ఎక్కే మెట్ల మీదుగా 70 లక్షలకు పైగా ఎక్కాయి. మన పులసకి చుట్టం, దానిలాగే సముద్రం నుంచి నదికి ఎదురీదుతుంది, దానిలాగే ముళ్ళ పుట్ట. జన (చేప గుడ్లు) కూడా బాగుంటుంది. పులస రుచి వస్తుందని మాత్రం నేను చెప్పను. చింతపండు, బెండకాయలు వేసి ముందురోజే వండి పెట్టుకుంటే మర్నాటికి మరీ తీసిపారేసేలా ఉండదు.

స్టర్జన్ మీద ఇన్ని ఆంక్షలు ఎందుకో తెలిస్తే వాటి మీద చిరాకు పోతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి జాలర్లకి ఇదొక పీడ. సాల్మన్ వలలు చింపేస్తోందని పట్టి పారేసేవారు. తర్వాత దాని జనకి, మాంసానికి తూర్పున గిరాకీ ఉందని తెలిసింది, ఐసులో పెట్టి రైళ్ళలో పంపడం మొదలైంది. 1892లో కొలంబియా నుంచి దాదాపు 55 లక్షల పౌండ్ల స్టర్జన్ తీశారు. ఆ దశాబ్దం పూర్తయ్యేసరికి వ్యాపారం కుప్పకూలింది, పట్టడానికి చేప మిగల్లేదు. ఆడ స్టర్జన్ గుడ్లు పెట్టే వయసుకి రావడానికి ఇంచుమించు ఇరవై ఏళ్ళు పడుతుంది, ఆ తర్వాతైనా ఏటా పెట్టదు. అందుకే కోలుకోవడానికి తరాలు పట్టింది. ఆరడుగులు దాటినవాటిని ముట్టుకోకూడదని 1950లో నియమం పెట్టాకే తల్లి చేపలు మిగిలాయి. ఈలోగా డ్యామ్‌లు వచ్చాయి. సాల్మన్ ఎక్కే మెట్లని స్టర్జన్ పెద్దగా వాడుకోదు. కాబట్టి బొనవిల్ పైన ఉన్నవి ఏ రెండు డ్యామ్‌ల మధ్యవి అక్కడే చిక్కుకుపోయాయి. కింద ఉన్నవాటికి సముద్రం దాకా దారి ఉంది, తిండీ ఉంది. అందుకే అవి కాస్త నయం. మీరు గాలం వేయబోయేది వాటికే.

బాబుని నది దగ్గరికి తీసుకెళ్ళే ముందు బొనవిల్ హేచరీకి (చేప పిల్లల్ని పెంచే కేంద్రం) ఒకసారి తీసుకెళ్ళండి. అక్కడ గాజు గోడ వెనక హెర్మన్ అనే తెల్ల స్టర్జన్ ఉంది, పదడుగులు దాటిన ఒళ్ళు, ఎనభై ఏళ్ళు దాటిన వయసు. ఒంటి మీద పొలుసులుండవు, అయిదు వరసల్లో ఎముక బిళ్ళలు ఉంటాయి. ముక్కు కింద నాలుగు మీసాలు, వాటి వెనక పళ్ళు లేని నోరు. ఆ నోరు గొట్టంలా బయటికి సాగి అడుగున ఉన్నదాన్ని పీల్చేస్తుంది. కళ్ళు చిన్నవి, వాటితో దానికి పెద్ద పని లేదు. వాసన, మీసాల స్పర్శ, ఇంకా ఇతర జీవుల ఒంట్లోంచి వచ్చే సన్నని విద్యుత్తుని పసిగట్టే గుణం, వీటితోనే తిండి వెతుక్కుంటుంది. దాని నోరు ఒకసారి సరిగ్గా చూస్తే ఎర ఎక్కడ ఉండాలో, ముల్లు (కొన పక్కన వెనక్కి తిరిగి ఉండే చిన్న పన్ను) లేని గాలం ఎందుకు సరిపోతుందో నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఇక సామాను. ట్రౌట్ రాడ్ ఇంట్లోనే ఉంచండి. అది విరుగుతుందని కాదు, దాంతో పెద్ద చేపని రెండు గంటలు ఆడిస్తారని నా భయం. సన్నని సామానుతో పెద్ద చేపని పట్టానని గొప్పలు చెప్పుకునేవాళ్ళు ఉన్నారు. వదిలేయాల్సిన చేప విషయంలో అది గొప్ప కాదు. అలిసి సొమ్మసిల్లిన చేప ఈదుకుంటూ వెళ్ళినా తర్వాత అడుగున చచ్చిపోవచ్చు. మీ సామాను చేపని వీలైనంత త్వరగా ఒడ్డుకి తేగలగాలి. పడవ మీదైతే ఎనిమిది అడుగుల బలమైన రాడ్ చాలు. ఒడ్డు నుంచి దూరం విసరాలి కాబట్టి పది, పదకొండు అడుగుల హెవీ సర్ఫ్ రాడ్ తీసుకోండి, ఎనిమిది ఔన్సుల బరువుని విసరగలదని దాని మీద రాసి ఉండాలి. అడ్డ రీల్ (దారం చుట్టిన డ్రమ్ము అడ్డంగా తిరిగేది) అలవాటు లేకపోతే దారం చిక్కుపడి మొదటి రోజంతా దాన్ని విప్పుకోవడంతోనే సరిపోతుంది. పెద్ద స్పిన్నింగ్ రీల్‌కి వెళ్ళండి, తప్పేం లేదు. దారం 65 నుంచి 80 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం), కనీసం 250 గజాలు. డబ్బు మిగుల్చుకోవాలంటే రాడ్ పాతది కొనండి, రీల్ మాత్రం డ్రాగ్ (చేప లాగినప్పుడు దారాన్ని అదుపుగా వదిలే బిగింపు) బాగున్నదే కొనండి.

గాలం కట్టే పద్ధతి కొంచెం వివరంగా చెప్తాను, కొత్తవాళ్ళు తడబడేది ఇక్కడే. ప్రధాన దారం మీద ముందు ఒక జారుడు గొట్టం ఎక్కించండి. ప్లాస్టిక్‌వి దుకాణంలో స్లైడర్ అంటే ఇస్తారు, దాని క్లిప్పుకే సీసం బరువు తగిలిస్తాం. దాని కింద ఒక పూస, ముడి నలగకుండా. పూస కింద గట్టి స్వివెల్ (దారం మెలిపడకుండా తిరిగే లోహపు కొలికి). స్వివెల్ నుంచి రెండడుగుల లోపు లీడర్ (గాలం కట్టే చివరి దారం ముక్క), 80 నుంచి 100 పౌండ్ల డేక్రాన్ (అల్లిన దారం) గానీ లావు మోనో (ఒంటి పోగు నైలాన్) గానీ. దాని కొసకి 7/0 గానీ 8/0 గానీ గాలం, ఒక్కటే, ఒకే కొన ఉన్నది, ముల్లు లేనిది. ముల్లున్న గాలమే కొన్నా పర్వాలేదు, ప్లయర్‌తో ఆ ముల్లుని పూర్తిగా నొక్కేయండి. పాత బనియన్ గుడ్డలో గుచ్చి వెనక్కి లాగి చూడండి. పోగు పట్టుకోకుండా వస్తే సరే, పట్టుకుంటే ఇంకోసారి నొక్కాలి. దారం స్లైడర్ గుండా జారుతుంది కాబట్టి చేప ఎర నోట్లోకి తీసుకుని రెండడుగులు కదిలినా బరువు దానికి తగలదు, అనుమానం రాదు.

సీసాన్ని స్లైడర్‌కి నేరుగా తగిలించకుండా మధ్యలో ఒక జానెడు బలహీనమైన దారం, ఇరవై పౌండ్లది, కట్టండి. పక్కనున్న ఐడహోలో ఇది చట్టమే. మన దగ్గర కాకపోయినా పాటించదగ్గది. సీసం రాళ్ళలో ఇరుక్కుంటే ఆ సన్న దారం తెగి సీసం ఒక్కటే పోతుంది. లేకపోతే గాలం, లీడర్, దాని వెనక గజాల కొద్దీ బ్రెయిడ్ నదిలోనే మిగిలిపోతాయి. అడుగున దొరికిందల్లా పీల్చే చేప వాటినీ మింగుతుంది. ఇంకో మాట, ఇరుక్కున్న బ్రెయిడ్‌ని చేతికి చుట్టుకుని లాగకండి, వేలు తెగిపోతుంది. ఒక కర్రముక్క దగ్గర ఉంచుకుని దానికి చుట్టి లాగండి.

ఎర విషయంలో ఎవరి శాస్త్రం వారిది. స్మెల్ట్, ఆంకోవీ, హెర్రింగ్, స్క్విడ్, ఇసుక రొయ్యలు, నైట్‌క్రాలర్ ఎర్రలు, వేసవి మొదట్లో షాడ్ ముక్కలు, అన్నీ పనిచేస్తాయి. మీరు కాలవ గట్టు మీద వానపాములతో మొదలుపెట్టినవారు కాబట్టి ఎర్రలతోనే మొదలుపెట్టండి, ఒకటి కాదు, గాలం వంపు నిండా అయిదారు గుత్తిగా గుచ్చి కొసన ఒక ఇసుక రొయ్య. ఇసుక రొయ్య ఒళ్ళు మెత్తన, విసిరేటప్పుడు ఊడిపోతుంది. ఎర కట్టే సన్న సాగుడు దారం దొరుకుతుంది, దాంతో నాలుగు చుట్లు చుట్టండి, ముడి అక్కర్లేదు. స్మెల్ట్ అయితే నోట్లోంచి పొడవాటి సూది దూర్చి తోక దగ్గర బయటికి తీసి, దాని వెంట లీడర్‌ని లాగుతాం. గాలం తల దగ్గర కూర్చుంటుంది. తోక మీద లీడర్‌తో రెండు సగం ముడులు వేస్తే వడికి చేప వంకర తిరగదు. ఏది కట్టినా గాలం కొన బయటికి కనపడాలి. ఎరలో పూడుకుపోతే చేప పీల్చి, ఊసేస్తుంది, మీకు తెలియను కూడా తెలియదు.

చేతులకి పెట్రోలు, సన్‌స్క్రీన్ వాసన ఉంటే ఇసుకతో రుద్ది కడుక్కున్నాకే ఎర ముట్టుకోండి. ఇరవై నిమిషాలకోసారి ఎర మార్చండి, నీచు వాసన నీళ్ళలో కొట్టుకుపోయాక మిగిలేది తోలే. క్రాఫిష్‌లు, చిన్నాచితకా చేపలు కూడా కొరుక్కుతింటూ ఉంటాయి.

ఎక్కడ, ఎప్పుడు? ఒడ్డు నుంచి వేసేవాళ్ళకి ఈ రెండూ ఒకే ప్రశ్న. చలికాలంలో, డిసెంబరు నుంచి మార్చి దాకా, పోర్ట్‌లాండ్ నడిమధ్యన విల్లామెట్‌లోని లోతు మడుగుల్లో స్టర్జన్ గుంపులుగా చేరుతుంది. సెయింట్ జాన్స్ వంతెన కింద కథీడ్రల్ పార్క్ దగ్గర లోతు ఒడ్డుకి దగ్గరగా వస్తుంది, మీకు అరగంట దూరం. చలి, వాన, పైన లారీల మోత, అందంగా ఏమీ ఉండదు. కానీ ఒడ్డు నుంచి మొదటి స్టర్జన్ పట్టడానికి నేను ఎవరికైనా చెప్పేది ఈ నెలలే. ఇక్కడ దొరికేవి ఎక్కువగా రెండు మూడు అడుగులవి. కొత్తవాళ్ళ చేతికి అదే మంచిది.

ఎండాకాలం మొదలయ్యేసరికి చూపు కొలంబియా వైపు తిప్పండి. సావీ ఐలండ్ ఇసుక ఒడ్లు ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి అనువు, రాళ్ళు తక్కువ, సామాను పోదు. పార్కింగ్ పర్మిట్ ముందే కొనాలి. అక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, సముద్రం నుంచి పోర్ట్‌లాండ్, దాని ఎదురుగా వాషింగ్టన్ రాష్ట్రంలోని వాంకూవర్ రేవులకి వచ్చే పెద్ద ఓడలు ఒడ్డుకి దగ్గరగా వెళ్తాయి. ఓడ దాటుతున్నప్పుడు ముందు నీళ్ళు వెనక్కి తీసుకుంటాయి, బురద బయటపడుతుంది. పిల్లలు గవ్వల కోసం అటు పరిగెత్తేది సరిగ్గా అప్పుడే. ఆ వెంటనే అల మోకాళ్ళ పైదాకా వచ్చి పడుతుంది, రాడ్ స్టాండుతో సహా లాక్కుపోతుంది. ఓడ కనపడగానే బాబుని గట్టు మీదికి పంపేయండి, రాడ్ చేతిలోకి తీసుకోండి. రెండు, కాలిన్స్ బీచ్ అని బోర్డు కనిపిస్తే ముందుకి వెళ్ళకండి. అక్కడ బట్టలు ఎవరిష్టం వాళ్ళది, అధికారికంగానే. కుటుంబంతో వెళ్ళి బిత్తరపోయిన మనవాళ్ళు ఉన్నారు.

బొనవిల్ డ్యామ్ కింద పెద్దవి ఉంటాయని మీకు ఎవరో చెప్పే ఉంటారు. నిజమే. కానీ డ్యామ్ నుంచి దిగువన కొన్ని మైళ్ళ మేర మే 1 నుంచి ఆగస్టు 31 దాకా స్టర్జన్‌కి గాలం వేయకూడదు, అవి గుడ్లు పెట్టే కాలం. మిగతా నెలల్లోనూ అక్కడి ఒడ్డు రాళ్ళమయం, వడి ఎక్కువ, డ్యామ్ వాళ్ళు నీళ్ళు వదిలితే కాళ్ళ కింద మట్టం చూస్తుండగానే పెరుగుతుంది. మొదటి ఏడాది అటు వెళ్ళకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఏ ఒడ్డయినా చూడాల్సింది నది అడుగు భాగం. స్టర్జన్ నది మధ్య ఎక్కడ పడితే అక్కడ తిరగదు. లోతు మారే అంచు, వడి మెల్లబడే వంపు, మడుగు పైకొస, ఇలాంటి దారుల వెంట తిండి కొట్టుకొస్తుంది, చేపా అక్కడే తచ్చాడుతుంది. బొనవిల్ దాకా పోటు, ఆటు ప్రభావం ఉంటుంది. నీళ్ళు తక్కువున్నప్పుడు విల్లామెట్ పోటుకి వెనక్కి కూడా పారుతుంది. ఆటు మొదలై నీళ్ళు కదిలే రెండు మూడు గంటలు బాగుంటాయి, పోటు పతాకస్థాయికి చేరి నీళ్ళు నిలిచిన సమయంలో టిఫిన్ చేయండి. సీసం ఎంత వేయాలో కూడా ఈ వడే చెప్తుంది. ఆరు ఔన్సులతో మొదలుపెట్టండి, దారం పక్కకి కొట్టుకుపోతుంటే పెంచండి. ఎర అడుగున కదలకుండా పడుకోవాలి. గంట దాటినా పలుకు (చేప ఎర ముట్టిన జాడ) లేకపోతే చోటు మార్చండి. ఓపిక పట్టాలి గానీ ఒకే చోట పట్టాలని లేదు.

పలుకు గురించి. ఇంత పెద్ద చేప కాబట్టి రాడ్ లాక్కుపోతుందనుకుంటారు. చాలాసార్లు ఎవరో వెనక నుంచి చొక్కా కొస పట్టి లాగినట్టు రెండు చిన్న కుదుపులు, అంతే. అప్పుడు కొట్టకండి. రాడ్ స్టాండులోంచి మెల్లగా తీసి, దారం బిగుతుగా ఉంచి ఆగండి. కొస మళ్ళీ కిందికి వంగి, వంగి అలాగే ఉంటే అప్పుడు గట్టిగా ఒక్కసారి వెనక్కి లాగండి. టకటకమని ఆగకుండా కొట్టుకునే పలుకులు చిన్న చేపలవి, వాటికి రాడ్ ముట్టుకోనే వద్దు. బాబుకి రాడ్ కొసకి కట్టే చిన్న గంట కొనివ్వండి, కాపలా పని వాడిది.

తగిలాక మొదటి పరుగుని ఆపే ప్రయత్నం చేయకండి. డ్రాగ్ ముందే బిగించి ఉంటుంది, దాని పని దాన్ని చేయనివ్వండి, వేళ్ళు దారానికి దూరంగా. పరుగు ఆగిన క్షణం నుంచి మీ వంతు. రాడ్ ఎత్తడం, దించుతూ చుట్టడం, మళ్ళీ ఎత్తడం. మీరు విశ్రాంతి తీసుకుంటే అదీ తీసుకుంటుంది, పోరు రెట్టింపవుతుంది. స్టర్జన్ నీళ్ళలోంచి నిలువునా ఎగురుతుంది కూడా. అలాంటప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళు కేకలు వేస్తారు, మీరు దారం సడలకుండా చూసుకోండి. ముల్లు లేదు కదా, ఊడిపోదా అంటారేమో. దాని పెదవులు గట్టి తోలులా ఉంటాయి, దారం బిగుతుగా ఉన్నంతసేపూ ఊడదు. వదిలేటప్పుడు మాత్రం వేలితో అలా తిప్పితే వచ్చేస్తుంది. ఏడడుగుల చేప తగిలి, అరగంట తర్వాత కూడా మీ మాట వినకపోతే దగ్గరున్న అనుభవజ్ఞుడి సాయం అడగండి, అడగడానికి మొహమాటపడకండి.

ఒడ్డుకి వచ్చాక నడుము లోతు నీళ్ళలో ఆపండి. ఇసుక మీదికి ఈడవకూడదు. చిన్నదైనా మొప్పల్లో వేళ్ళు పెట్టకండి, తోక పట్టి వేలాడదీయకండి. దాని అస్థిపంజరం మృదులాస్థి, నిలువుగా వేలాడితే లోపలి అవయవాల బరువు దానికి నొప్పి. కడుపు కింద ఒక చెయ్యి, తోక మొదట్లో ఒక చెయ్యి, ఎప్పుడూ అడ్డంగానే. పిల్ల స్టర్జన్‌ల ఒంటి మీది బిళ్ళలు రంపపు పళ్ళలా వాడిగా ఉంటాయి, తడి చేతి తొడుగులు వేసుకోండి. పెద్దవాటికి వయసు మీద అరిగి నున్నబడతాయి. గాలం లోతుగా దిగితే పీకకండి, దారం గాలానికి దగ్గరగా కత్తిరించేయండి. ఫోటో నీళ్ళలోనే, మీరు వంగి దాని పక్కన తల పెడితే చాలు. వదిలేటప్పుడు తల వడికి ఎదురుగా తిప్పి పట్టుకోండి, మొప్పలు ఒక లయలో ఆడేదాకా. తయారయ్యాక అదే తోకతో మీ మొహం మీద నీళ్ళు కొట్టి పోతుంది.

ఎండలు ముదిరి నీళ్ళు వెచ్చబడ్డాక, జులై చివర, ఆగస్టులో, పట్టొద్దు. చట్టం ఒప్పుకున్నా వద్దు. 2015 వేసవిలో కొలంబియా వేడెక్కినప్పుడు బొనవిల్ పైన పెద్ద పెద్ద స్టర్జన్‌లు చచ్చి తేలాయి, పట్టి వదిలే వేటని కూడా అక్కడ ఆపేయాల్సి వచ్చింది. వేడి నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ, పోరాడిన చేప కోలుకోలేదు.

కాగితాల సంగతి త్వరగా. ఒరెగాన్ లైసెన్స్‌తో పాటు కంబైన్డ్ ఆంగ్లింగ్ ట్యాగ్ (పట్టి ఉంచుకున్న చేపల లెక్క రాసేది), దాంతో పాటు కొలంబియా బేసిన్ ఎండార్స్‌మెంట్ కావాలి. పట్టి వదిలేసేదానికి ట్యాగ్ ఎందుకని చాలామంది మానేసి జరిమానా కడతారు. బాబుకి పన్నెండు నిండలేదు కాబట్టి లైసెన్స్ అక్కర్లేదు, ట్యాగ్ విషయం మాత్రం కొనేటప్పుడే అడగండి. అవతల వాషింగ్టన్ ఒడ్డున నిలబడితే ఆ రాష్ట్రం లైసెన్స్ తీసుకోండి. రాత్రి స్టర్జన్‌కి గాలం వేయకూడదు. నిబంధనలు ఏడాది మధ్యలో కూడా మారతాయి, బయల్దేరే ముందురోజు రాత్రి ఆ రాష్ట్రపు ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ పేజీ ఒకసారి చూసుకోండి. నేను ఇక్కడ రాసిందాని మీద ఆధారపడి వార్డెన్‌తో వాదించకండి.

కెనడాలో సర్రీ, బర్నబీ వైపు ఉన్న మనవాళ్ళు కూడా ఇదే అడుగుతుంటారు. ఫ్రేజర్ నదిలో 1994 నుంచి పట్టి వదిలేయడమే, స్టర్జన్ కోసం లైసెన్స్ మీద వేరే రుసుము కట్టాలి. అక్కడ పట్టినవాటికి చిన్న చిప్పు పెట్టి, కొలిచి, లెక్క రాసే స్వచ్ఛంద కార్యక్రమం 2000 నుంచి నడుస్తోంది, గైడుతో వెళ్తే మీ చేప కొలతా అందులో చేరుతుంది. ఐడహోలోని బోయిసీ వాళ్ళకి స్నేక్ నది, హెల్స్ కేన్యన్ ఉన్నాయి. అక్కడా ఇంటికి తేవడం లేదు.

చివరగా, మీ ఆఫీసు స్నేహితుడు తన పడవలో రమ్మంటున్నాడని రాశారు. దానికంటే ముందు లైసెన్స్ ఉన్న గైడుతో ఒక్క పూట వెళ్ళండి. డబ్బు దండగ అనిపిస్తుంది గానీ పలుకు ఎలా ఉంటుందో, చేపని ఎలా పట్టుకోవాలో ఒక పూటలో చేతికి వస్తుంది. స్నేహితుడి పడవ ఎక్కే ముందు మాత్రం ఒక మాట అడగండి: లంగరు ఎక్కడి నుంచి వేస్తావు? పడవ ముందు కొస నుంచి, తాడుకి తేలే బుడగ కట్టి, చేప తగిలితే తాడు వదిలేసి దాని వెంట పడవ పోయేలా, అన్నాడంటే తెలిసినవాడే. వెనక నుంచి వేస్తానంటే ఎక్కకండి. కొలంబియా వడి వెనక అంచు మీదుగా లోపలికి వస్తే పడవ మునగడానికి నిమిషం పట్టదు. ఓడల దారిలో లంగరు వేయకూడదు, తాడు కోయడానికి కత్తి అందుబాటులో ఉండాలి, కొట్టుకొచ్చే దుంగల మీద ఒకరి కన్ను ఉండాలి. బాబుకి లైఫ్ జాకెట్ పడవ కదిలేటప్పుడు చట్టం ప్రకారం తప్పనిసరి, లంగరు వేశాక కూడా విప్పనివ్వకండి. మీరూ వేసుకోండి. చలికాలంలో ఆ నీళ్ళలో పడితే ఈత వచ్చినవాడికి కూడా కాసేపట్లోనే చేతులు కొయ్యబారిపోతాయి.